ఓడలు లేక ఓడిన జపాన్

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం హార్బరుపై జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడపైనా దాడి జరిగింది. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి ఎగిరినవి. వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం కొద్ది రోజుల వ్యవధిలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. దానికన్నా పెద్దదైన నగుమో దళం ముందు రోజు కొలంబోపైనా, మూడు రోజుల తరువాత త్రింకోమలిపైనా విరుచుకుపడి, హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకనూ డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లనూ సముద్రం పాలు చేసింది. బ్రిటిష్ తూర్పు నౌకాదళం ఆఫ్రికా తీరంలోని మొంబాసా దాకా వెనక్కి తగ్గవలసి వచ్చింది. విశాఖలో జరిగిన నష్టం స్వల్పమే గాని భయం స్వల్పం కాదు. జనం సామాను బండ్లకెత్తుకొని పల్లెలకు తరలిపోయారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను సైతం లోపలి పట్టణాలకు మార్చారు. ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూన్ పడిపోయిన తరువాత ఆ భయాన్ని పిరికితనమని కొట్టిపారేయడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. కూలికి, వ్యాపారానికి ఉత్తరాంధ్ర నుంచి ఓడలెక్కి వెళ్లినవారికి రంగూన్ ఎప్పుడూ రంగమే. అక్కడి నుంచి కాలినడకన కొండలు, అడవులు దాటి తిరిగివచ్చినవారు చెప్పిన కథలు ఈ తీరమంతా పాకి ఉన్నాయి.

అంత దూరం చొచ్చుకువచ్చిన రాజ్యం మూడేళ్ల నాలుగు నెలలకు లొంగిపోయింది. ఎందుకు ఓడిందని అడిగితే సాధారణంగా వినిపించే సమాధానాలు రెండు: అణుబాంబు, పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర అమెరికా గెలిచిన నౌకాయుద్ధం. రెండింటిలోనూ నిజం ఉంది, కాని రెండూ ఆలస్యంగా కథలోకి వచ్చినవే. అణుబాంబు పడేనాటికి జపాన్‌కు యుద్ధం సాగించే శక్తి దాదాపు ఉడిగిపోయింది. ఇక మిడ్‌వే విషయం. కొలంబోపై దాడి చేసిన ఐదు విమానవాహక నౌకల్లో అకాగి, సోర్యు, హిర్యు రెండు నెలలు తిరగగానే, 1942 జూన్‌లో, అక్కడే మునిగిన మాట నిజం. విశాఖపైకి విమానాలను పంపిన ర్యూజో ఆ ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. మిగిలిన రెండింటిలో షోకాకును 1944 జూన్‌లో ఒక అమెరికన్ జలాంతర్గామి, జుయికాకును అదే ఏడాది అక్టోబరులో విమానాలు ముంచాయి. అయితే మిడ్‌వేలో ఫలితం తారుమారై ఉన్నా, అమెరికా 1943 ఒక్క ఏడాదిలో పెద్దవీ చిన్నవీ కలిపి 15 కొత్త విమానవాహక నౌకలను దళంలో చేర్చేది. రవాణా దళాలకు రక్షణగా తిరిగే ఎస్కార్ట్ వాహకాలు ఆ లెక్కలో లేవు. ఒక యుద్ధంలో గెలుపు జపాన్‌కు కొన్ని నెలల గడువు ఇచ్చి ఉండేదేమో గాని, ఆ గడువుతో అది ఏం చేయగలిగేదన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉక్కు లెక్క ఒక సమాధానం చెబుతుంది. 1941లో జపాన్ దేశం మొత్తం మీద తయారైన ఉక్కు 70 లక్షల టన్నులకు లోపే. నేటి విశాఖ ఉక్కు కర్మాగారం స్థాపిత సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. అంటే చైనాతో నాలుగేళ్లుగా పోరాడుతూ, మరో మూడు సామ్రాజ్యాల మీదికి కత్తి దూసిన ఒక దేశపు మొత్తం ఉక్కు, ఈనాడు గాజువాక పక్కన ఉన్న ఒక్క ప్లాంటు సామర్థ్యానికి అందదు. ఆ ఏడాది అమెరికా ఉత్పత్తి దానికి పదింతలకు పైబడి ఉంది. 1944లో అమెరికా సుమారు 96 వేల విమానాలు తయారు చేస్తే, జపాన్ సర్వశక్తులూ ఒడ్డి తయారు చేసినవి 28 వేలు. లిబర్టీ నౌకలనే ఒకే నమూనా సరకు ఓడలను అమెరికా 2,710 నిర్మించింది. ఆ కాలంలోనే విశాఖలో 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు నుంచి తొలి ఓడ జలఉష నీటిలోకి జారింది 1948 మార్చిలో. ఓడ కట్టడం ఎంత కాలం, ఎంత శ్రమ తీసుకునే పనో తెలిసిన ఊరికి 2,710 అనే అంకె బరువు వేరే చెప్పనక్కరలేదు.

అయినా ఉక్కు లెక్కతో వ్యాసం ముగించడం తొందరపాటు. సంపన్న దేశం ప్రతిసారీ గెలుస్తుందన్న సూత్రం నిలవదు. నిలిస్తే వియత్నాంలో అమెరికా ఓడేది కాదు, 1905లో రష్యాపై జపానే గెలిచేది కాదు. బలవంతుడు తన బలమంతా వాడకముందే విసిగి, సంధికి దిగితే చిన్నవాడు గెలుస్తాడు. టోక్యోలో నిర్ణయాలు తీసుకున్నవారి ఆశ సరిగ్గా ఇదే. 1905 మే నెలలో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ఒక్క దెబ్బతో తుడిచిపెట్టి, ఆ తరువాత అమెరికా మధ్యవర్తిత్వంతో సంధి కుదుర్చుకున్న అనుభవం ఒక తరం అధికారుల మెదళ్లలో పాఠంగా కాక శాసనంగా నాటుకుపోయింది. ముందుగా గట్టి దెబ్బ కొట్టాలి, పసిఫిక్ దీవులను కంచెగా నిలపాలి, ఆ కంచెను దాటడానికి పోసే రక్తం చూసి అమెరికా ప్రజలు బేరానికి వస్తారు: 1941 నాటి ప్రణాళిక సారాంశం ఇంతే. సుదీర్ఘ యుద్ధం గెలిచే మార్గం అందులో లేదు. యుద్ధం సుదీర్ఘం కాదన్న నమ్మకం మాత్రమే ఉంది.

ఆ నమ్మకం వెనుక ఉన్న ఇరకాటాన్ని కూడా చెప్పాలి. 1937 జులై నుంచి సాగుతున్న చైనా యుద్ధం ముగిసే సూచనలు లేవు. అక్కడి నుంచి వెనక్కి రావడానికి సైన్యం ఒప్పుకోదు. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాను ఆక్రమించగానే అమెరికా దాని ఆస్తులను స్తంభింపజేసింది, చమురు ఆగిపోయింది. జపాన్ వాడే చమురులో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమెరికా నుంచే వచ్చేది. నిల్వలు రెండేళ్లకు మించి రావు. రోజులు గడిచేకొద్దీ ట్యాంకులు ఖాళీ అవుతుంటాయి కనుక, యుద్ధమే చేయాలంటే ఇప్పుడే చేయాలన్న వాదన నౌకాదళంలో బలపడింది. పోరాడాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పుడు పోరాడాలన్న ప్రశ్నగా మారిపోయింది. ఆ ఆగస్టులోనే సంపూర్ణ యుద్ధ పరిశోధన సంస్థ అనే ప్రభుత్వ సంస్థలోని యువ అధికారులు అంకెలన్నీ వేసి, తొలి విజయాల తరువాత దీర్ఘకాలంలో ఓటమి తప్పదని తేల్చి మంత్రుల ఎదుట చెప్పారు. అంటే తెలియక చేసిన పొరపాటు కాదిది. చైనా నుంచి వైదొలగడం అవమానం, అమెరికాతో యుద్ధం ప్రమాదం. అవమానం కన్నా ప్రమాదాన్నే వారు ఎంచుకున్నారు.

1941 డిసెంబరులో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ చేసిన దాడి సైనికంగా ఎంత సఫలమో రాజకీయంగా అంత విఫలం కావడానికి కారణం ఇక్కడే ఉంది. బేరం మీద ఆధారపడిన యుద్ధాన్ని, ఎదుటివాడు ఇక ఎన్నటికీ బేరానికి రాని విధంగా ప్రారంభించారు. అప్పటి వరకు యుద్ధంలో దిగాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న అమెరికా ఒక్క ఉదయంతో ఏకమైంది. 1943 జనవరిలో కాసాబ్లాంకాలో రూజ్‌వెల్ట్, చర్చిల్ బేషరతు లొంగుబాటు తప్ప మరొకటి అంగీకరించబోమని ప్రకటించడంతో త్సుషిమా నమూనా పూర్తిగా మూసుకుపోయింది. ఆ క్షణం నుంచి ఉక్కు లెక్క తన పని తాను చేసుకుపోయింది.

అది ఎలా పనిచేసిందన్నది సముద్రం మీద చూడాలి. జపాన్ యుద్ధానికి దిగింది దక్షిణాది చమురు కోసం. సుమత్రాలోని పాలెంబాంగ్, బోర్నియో బావులు 1942 తొలి నెలల్లోనే చేతికి వచ్చాయి. అనుకున్న దానికన్నా త్వరగా ఉత్పత్తి కూడా కోలుకుంది. చమురు దొరికింది. కాని పాలెంబాంగ్ నుంచి టోక్యో దాదాపు ఐదున్నర వేల కిలోమీటర్ల సముద్రం. బియ్యం, బాక్సైటు, రబ్బరు, ముడి ఇనుము, బొగ్గు, వీటన్నింటికీ సముద్రమే దారి. సామ్రాజ్యం మ్యాపులో ఎంత పెద్దగా కనిపించినా, నిజానికి అది ఓడలు గీసిన గీతల సమూహం. ఆ గీతలు తెగితే మిగిలేవి ఒకదానికొకటి అందని దీవులే.

యుద్ధం మొదట్లో జపాన్ చేతిలో ఉన్న వర్తక నౌకలు సుమారు 60 లక్షల టన్నులు. శాంతికాలంలోనే అది చాలేది కాదు. దిగుమతుల్లో పెద్ద వంతు విదేశీ ఓడలే మోసేవి, యుద్ధం రాగానే అవి మాయమయ్యాయి. మిగిలిన ఓడలను మూడుగా పంచుకున్నారు: సైన్యానికి కొన్ని, నౌకాదళానికి కొన్ని, దేశ ఆర్థిక అవసరాలకు కొన్ని. ఎవరి ఓడలు వారివే. సైన్యం ఓడ దళాలను దక్షిణాదికి దించి ఖాళీగా తిరిగివచ్చేది. అదే సమయంలో బాక్సైటు తేవడానికి పౌర ఓడ జపాన్ నుంచి ఖాళీగా బయలుదేరేది. ఖాళీ ఓడ తిరగడం ఎంత నష్టమో ఓడరేవులో గుమాస్తాను అడిగినా చెబుతాడు. సైన్యానికి, నౌకాదళానికి మధ్య ఉన్న అపనమ్మకం ఎంత ముదిరిందంటే, దీవుల్లోని తన దళాలకు తిండి చేర్చడానికి నౌకాదళాన్ని అడగడం ఇష్టంలేక సైన్యం సొంతంగా రవాణా జలాంతర్గాములు కట్టించుకుంది. ప్రపంచ యుద్ధ చరిత్రలో ఇంతకు మించిన వింత మరొకటి వెతకడం కష్టం.

ఆ ఓడలను కాపాడే ఏర్పాటూ జరగలేదు. నిర్ణయాత్మక యుద్ధంలో శత్రు నౌకలను ముంచడమే వీరత్వమని నేర్చిన నౌకాదళానికి, సరకు ఓడల వెంట కాపలా తిరగడం చిన్నతనంగా తోచింది. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్నట్లు, 18 అంగుళాల ఫిరంగులతో యమాటో, ముసాషి అనే అతిపెద్ద యుద్ధనౌకలను కట్టిన దేశం, కాన్వాయ్‌ల, అంటే గుంపుగా సాగే సరకు ఓడల, రక్షణకు ఒక ప్రత్యేక కమాండును ఏర్పాటు చేసింది 1943 నవంబరులో. అప్పటికి యుద్ధం మొదలై దాదాపు రెండేళ్లు. బ్రిటన్‌ను జర్మన్ జలాంతర్గాములు ఎంతగా పీడించాయో జపాన్‌కు తెలియనిది కాదు; తన స్థితి కూడా బ్రిటన్ వంటిదేనని, తానూ దిగుమతులపై బతికే దీవి అని గుర్తించడానికే అది నిరాకరించింది.

అమెరికన్ జలాంతర్గాములు మొదట్లో చేసిన పని గొప్పగా ఏమీ లేదు. వాటి టార్పెడోలు నిర్ణయించిన లోతు కన్నా కిందుగా పోయేవి, కొన్ని ముందే పేలేవి, కొన్ని నేరుగా ఓడకు తగిలి కూడా పేలేవి కావు. తప్పు గురి చూసినవారిది కాదు, ఆయుధానిదేనని అధికారులు ఒప్పుకొని లోపాలను సరిదిద్దేసరికి 1943 చివరి నెలలు వచ్చాయి. శత్రువు చేజేతులా ఇచ్చిన ఈ రెండేళ్ల గడువును జపాన్ వాడుకోలేదు. ఆ తరువాత జరిగింది సంహారమే. రవాణా ఓడలు వాడే సంకేత లిపిని అమెరికన్లు ఛేదించారు; ఏ కాన్వాయ్ ఏ రోజు మధ్యాహ్నం ఎక్కడ ఉంటుందో చాలాసార్లు ముందే తెలిసేది. 1944లోనే 35 లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగాయి. జపాన్ యుద్ధకాలమంతా శ్రమించి కొత్తగా కట్టుకున్నవి కూడా సుమారు అంతే. మొత్తం వర్తక నౌకల నష్టంలో సగానికి పైగా జలాంతర్గాముల వాటా. వాటిలో పనిచేసినవారు అమెరికన్ నౌకాదళంలో నూటికి ఇద్దరు కూడా లేరు. అందుకు వారు చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు, 52 జలాంతర్గాములు తిరిగి రాలేదు.

చమురు ఇంటికి రాకపోవడంతో నౌకాదళమే చమురు దగ్గరికి పోవలసి వచ్చింది. 1944లో జపాన్ ప్రధాన నౌకలు సింగపూరుకు దక్షిణాన లింగా దీవుల దగ్గర లంగరు వేసి ఉండేవి. బావులు దగ్గర, కాని మరమ్మతు యార్డులు, కొత్త విమానాలు, శిక్షణ పొందిన పైలట్లు వేల కిలోమీటర్ల ఉత్తరాన. ఇంధనం లేక పైలట్ల శిక్షణ గంటలు తెగ్గోశారు. అనుభవజ్ఞులను చనిపోయేదాకా యుద్ధరంగంలోనే ఉంచారు. అమెరికా తన వారిని మధ్యలో వెనక్కి పిలిచి కొత్తవారికి నేర్పించింది. 1944 జూన్‌లో మరియానా దీవుల దగ్గర జరిగిన గగనయుద్ధంలో ఈ తేడా ఒక్క రోజులో బయటపడింది. సాహసం లోపించి కాదు, ఎగరడం పూర్తిగా నేర్వని కుర్రవాళ్లను పంపినందువల్ల జపాన్ వందల విమానాలు పోగొట్టుకుంది. 1945 నాటికి పల్లెజనం, బడిపిల్లలు దేవదారు జాతి చెట్ల వేళ్లు తవ్వి, వాటి నుంచి విమానాలకు నూనె తీయాలని పోటీపడ్డారు. రెండు వందల వేళ్లతో ఒక విమానం ఒక గంట ఎగురుతుందన్నది ప్రచారం. పాలెంబాంగ్‌ను గెలిచిన సామ్రాజ్యం చివరికి అక్కడికి చేరింది.

ఇక మిత్రకూటమి సంగతి. 1942 జనవరి 1న ఐక్యరాజ్యాల ప్రకటనపై సంతకం చేసిన 26 దేశాల్లో భారతదేశం కూడా ఉంది, ఆ సంతకంలో భారతీయుల ఇష్టం ఎంత అన్నది వేరే చర్చ. ఈ కూటమిలో తగవులకు కొదవ లేదు. చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌తో సరిపడక అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్‌ను 1944 అక్టోబరులో వెనక్కి పిలిపించారు. బర్మా కోసం ఎంత సైన్యాన్ని ఖర్చు చేయాలన్న దానిపై లండన్‌కు, వాషింగ్టన్‌కు చివరిదాకా పొసగలేదు. కాని ఆ తగవులు ఒక బల్ల చుట్టూ జరిగేవి. ఇరుదేశాల సేనాధిపతుల ఉమ్మడి మండలి ఉంది, ఓడల కేటాయింపు కలిసి నిర్ణయించేవారు. సాలమన్ దీవుల్లో జపాన్ విమానాల రాకను ముందుగా రేడియోలో చెప్పింది అడవుల్లో దాగిన ఆస్ట్రేలియన్ కావలివారు, వారికి అండగా నిలిచిన స్థానిక ద్వీపవాసులు. జపాన్ పదాతిదళంలో పెద్ద భాగాన్ని ఏళ్ల తరబడి కదలనీయకుండా పట్టి ఉంచింది చైనా. పసిఫిక్ కథలు రాసేవారు చాలామంది మరచిపోయే వాటా ఇది.

అటువైపు అక్షరాజ్యాల పొత్తు కాగితం మీదిదే. 1940 సెప్టెంబరులో జర్మనీ, ఇటలీలతో ఒప్పందం చేసుకున్న జపాన్, 1941 ఏప్రిల్‌లో సోవియట్ రష్యాతో తటస్థ ఒప్పందం చేసుకుంది. రెండు నెలలకు ఆ రష్యాపైనే జర్మనీ దండెత్తింది. మిత్రదేశానికి ముందుగా సరైన మాట చెప్పలేదు. ఫలితం ఏమిటంటే, అమెరికా రష్యాకు పంపిన యుద్ధకాల సహాయంలో దాదాపు సగం పసిఫిక్ మీదుగా, సోవియట్ జెండా ఎగరేసిన ఓడల్లో, జపాన్ గుమ్మం ముందు నుంచే వ్లాదివోస్తోక్ చేరింది. తన మిత్రుణ్ని ఓడించబోయే సామగ్రిని జపాన్ చూస్తూ పోనిచ్చింది. ఆపితే మరో యుద్ధరంగం తెరుచుకుంటుంది కనుక పోనివ్వక తప్పలేదు కూడా.

బంగాళాఖాతం వైపు ఈ రెండు లోపాలూ, అంటే సరఫరా కొరతా ఒంటరితనమూ, ఒకేచోట కనబడేది ఇంఫాల్, కోహిమా పోరాటంలో. 1944 మార్చిలో జనరల్ ముతాగుచి సుమారు 85 వేల మందిని మూడు వారాల తిండితో కొండలు దాటించాడు. మిగతా తిండి శత్రువు గిడ్డంగుల్లో దొరుకుతుందని అంచనా. అవి దొరకలేదు. ముట్టడిలో ఉన్న భారత, బ్రిటిష్ దళాలకు మాత్రం ఆకాశం నుంచి బియ్యం, తూటాలు, మందులు పడుతూనే ఉన్నాయి. జులైకి తిరోగమనం మొదలయ్యేసరికి జపాన్ దళంలో సగానికి పైగా నష్టం, అందులో ఎక్కువ భాగం ఆకలి వల్ల, జబ్బుల వల్ల. జనరల్ స్లిమ్ నడిపిన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే. యుద్ధాంతానికి భారత సైన్యం సంఖ్య 25 లక్షలు. 1942లో బ్రిటిష్ నౌకలు వదిలిపోయిన ఈ తీరం కూడా అప్పటికి వెనుక స్థావరంగా మారిపోయింది. యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీ విశాఖలో నడిపిన స్థావరం పేరు నేటికీ ఐఎన్ఎస్ సర్కార్స్‌లో నిలిచి ఉంది.

1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి, ఆ రెంటి నడుమ 8న సోవియట్ యుద్ధ ప్రకటన. వీటిలో చక్రవర్తి మనసు మార్చింది ఏదన్న వాదన చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు. తెగకపోయినా ఇక్కడ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది ఎప్పుడు లొంగారన్న ప్రశ్నకు సమాధానం. ఎందుకు ఓడారన్నది అంతకు ముందే తేలిపోయింది. ఆ మార్చి నుంచి అమెరికా బి-29 బాంబర్లు జపాన్ రేవుల్లో, జలసంధుల్లో ఓడలను పేల్చే మైన్లు 12 వేలకు పైగా చల్లాయి. దక్షిణాది చమురు రావడం వసంతానికే ఆగిపోయింది. పెద్ద యుద్ధనౌకల్లో మిగిలినవి ఇంధనం లేక రేవుల్లో కదలకుండా పడి ఉన్నాయి.

లొంగుబాటు నాటికి జపాన్ బయట, మంచూరియా నుంచి పసిఫిక్ దీవుల దాకా, సైనికులూ పౌరులూ కలిపి 60 లక్షలకు పైగా జపనీయులు మిగిలిపోయారు. వారిని స్వదేశానికి చేర్చడానికి కావలసినన్ని ఓడలు జపాన్ దగ్గర లేవు. అమెరికా సుమారు వంద లిబర్టీ నౌకలను అప్పుగా ఇచ్చింది. తమ ఓడలు మునిగిపోగా దీవుల్లో చిక్కుకుపోయి తిండికి అల్లాడిన సైనికుల్లో ఎందరో వాటిలోనే ఇంటికి చేరారు.